ఎరుపూ ఆకుపచ్చా అంటుకున్న చోట

పొద్దుతిరుగుడు గింజలు నమలడం ఆపమని ఇప్పటికి మూడుసార్లు చెప్పాను. వినడు. ఎడమచెయ్యి స్టీరింగు మీద, కుడిచెయ్యి గింజల సంచిలో, దవడన పెట్టుకుని పటుక్కున కొరికి పెంకుల్ని కాగితం కప్పులోకి తుపుక్కున ఊస్తాడు. సగం కప్పులో పడతాయి, సగం నా ఒళ్ళోని ల్యాప్‌టాప్ మీద పడతాయి. తడి పెంకు ఒకటి తెర మీద సరిగ్గా మా కౌంటీ పడమటి అంచున అతుక్కుంది, గోటితో గీకి కిటికీలోంచి పారేశాను. ఒక్క మాట అంటే వంద మాటలవుతాయి, ఇవాళ మాటలకి వ్యవధి లేదు. మేఘం మాకు పడమరగా పధ్నాలుగు మైళ్ళ దూరంలో ఉంది, గంటకి పాతిక మైళ్ళ వేగంతో ఇటే వస్తోంది, టైము అయిదుంబావు. కిటికీలో దూరే గాలి వెచ్చగా, తడిగా ఆగ్నేయం నుంచి తోసుకొస్తోంది, కోతకొచ్చిన గోధుమ చేలన్నీ ఆ మేఘం వైపే తలలు వంచాయి. ఈ గింజలాయన మా నాన్న, ఎల్డన్ క్రాల్, డెబ్బై రెండేళ్ళు. ఓక్లహోమాలో ఈ మూల ఉన్న మా కౌంటీలో నలభై ఏళ్ళుగా ఆకాశానికి కాపలా. నేలకి దిగే పెద్ద సుడిగాలి, టోర్నడో, కనబడితే ఆయన రేడియోలో చెబుతాడు, ఆయన చెబితే ఊళ్ళో సైరన్ మోగుతుంది. ఫైర్‌స్టేషన్ గోడ మీద ఆయన పేరు చెక్కిన ఇత్తడి పలక ఉంది. దాన్ని చూసినప్పుడల్లా మేకులతో సహా పీకి పారెయ్యాలనిపిస్తుంది నాకు. పీకలేదు. ఏడాదిగా నేను చెయ్యని పనుల్లో అదొకటి.

ఆయన మీద ప్రేమతో ఈ బండెక్కానని ఎవరైనా అనుకుంటే వాళ్ళ ఖర్మ. మధ్యాహ్నం నోలన్ ఫోన్ చేశాడు. కౌంటీలో ప్రమాదాలూ విపత్తులూ చూసుకునే ఆఫీసరు అతనే, సైరన్ మీట అతని చేతిలోనే ఉంటుంది. "మర్లా, ఇవాళ పెద్దది లేచేలా ఉంది. మీ నాన్న ఒక్కడే వెళతానంటున్నాడు. రాడార్ దగ్గర నువ్వు కూచుంటావా?" అని, ఒక్క క్షణం ఆగి, "ఈసారి కాస్త జాగ్రత్తగా చూడు" అన్నాడు. కాస్త జాగ్రత్తగా. పోయినేడు నేను నిద్రపోయినట్టు. ఏదో నాకు క్షమాభిక్ష పెట్టి మళ్ళీ పనిలోకి తీసుకుంటున్నట్టు. ఫోను గోడకేసి కొట్టాలనిపించింది, "వస్తాను" అన్నాను. ఎందుకన్నానంటే, నేను లేకపోతే ఈ మనిషి మాటే ఆఖరి మాట అవుతుంది కాబట్టి. ఈయన మాట ఆఖరి మాటైతే ఏం జరుగుతుందో నాకు తెలుసు, వెల్డా ఉన్రూ సమాధి మీద ఇంకా సరిగ్గా గడ్డి కూడా మొలవలేదు.

తెర కొత్త బొమ్మ వేసుకుంది. ఎడమవైపు బొమ్మ వానది, పసుపు మధ్యలో ఎరుపు, దక్షిణపు కొసన కొక్కెంలా ఒక తోక వంపు తిరుగుతోంది. కుడివైపుది గాలి బొమ్మ. రాడార్ మాకు తూర్పున తొంభై మైళ్ళ దూరంలో ఉంది, దాని వైపు వచ్చే గాలి ఆకుపచ్చగా, దాన్నుంచి దూరంగా పోయే గాలి ఎర్రగా కనబడుతుంది. ఎరుపు ఒక మూల, ఆకుపచ్చ ఇంకో మూల ఉంటే ఫరవాలేదు. రెండూ దగ్గరికి జరిగి, ఒకదాన్నొకటి అంటుకుని, రంగు చిక్కబడుతుంటే మాత్రం అక్కడ మేఘం తిరుగుతోందన్నమాట. ఇప్పుడు పైన ఎరుపు, కింద ఆకుపచ్చ, మధ్యలో మైలున్నర ఖాళీ. వదులుగా ఉంది. ఇది నాలుగు నిమిషాల కిందటి సంగతి, ఇప్పటిది కాదు. పైగా అంత దూరం నుంచి వచ్చేసరికి రాడార్ కిరణం మా నెత్తి మీద పదివేల అడుగుల ఎత్తున పోతుంది, ఆ కింద ఏం జరుగుతోందో దానికి తెలియదు. అందుకే కళ్ళు కావాలి. అందుకే ఊరు ఊరంతా ఎల్డన్ క్రాల్ కళ్ళ మీద ఆధారపడింది నలభై ఏళ్ళుగా. "ఎలా ఉందే?" అన్నాడు నాన్న. "వదులుగా" అన్నాను. "నేను చెప్పలా?" అన్నాడు. ఏమీ చెప్పలేదు ఆయన. ఎప్పుడూ అంతే, మనం చెప్పింది రెండో నిమిషానికి ఆయన చెప్పినదైపోతుంది.

పోయినేడు మే పంతొమ్మిది, ఇదే బండి, ఇదే సీటు. ఆ రోజు బొమ్మ వదులుగా లేదు. ఆరూ పన్నెండుకి ఎరుపూ ఆకుపచ్చా ఒకదాని మీదొకటి ఎక్కి నొక్కుకున్నట్టు ఉన్నాయి, పాత పత్తి మిల్లుకి ఎగువన, అంత చిక్కటి జంటని నేనెప్పుడూ చూడలేదు. "నాన్నా, అంటుకున్నాయి. పత్తి మిల్లు మీద. నోలన్‌కి చెప్పు." ఆయన అద్దంలోంచి అటు చూశాడు. చాలాసేపు చూశాడు. "వాన తెర తప్ప ఏమీ లేదక్కడ." "నాన్నా, తెర మీద స్పష్టంగా ఉంది." "నలభై ఏళ్ళ కళ్ళని నమ్మనా, నీ ఒళ్ళో బొమ్మని నమ్మనా?" అప్పుడే రేడియోలో నోలన్ అడిగాడు, ఏమైనా కనబడుతోందా అని. "ఏమీ లేదు నోలన్, వాన" అన్నాడు నాన్న. అంత నిబ్బరంగా, వాకిట్లో వాన పడుతోందని చెప్పినట్టు. మైకు ఆయన మోకాలి దగ్గర వేలాడుతోంది, నా చెయ్యి జానెడు దూరంలో ఉంది, నా జేబులో ఫోను కూడా ఉంది. చెయ్యి చాచలేదు నేను. నలభై మూడేళ్ళ మనిషిని, ధాన్యం గోదాములో కాటా దగ్గర లారీడ్రైవర్ల మీద అరిచి లైన్లో నిలబెట్టేదాన్ని, మా నాన్న ముందు పదేళ్ళ పిల్లనైపోయాను. పదకొండు నిమిషాల తర్వాత కరెంటు స్తంభాలు కూలి నీలంగా మెరుపులు లేచాక మోగింది సైరన్. అప్పటికే వెల్డా వంటగది పొలంలో ఉంది. వెల్డాని ఆ రాత్రి వెతికి పట్టుకున్నారు.

వెల్డా ఎవరో కాదు. స్కూలు బస్సు నడిపేది, కోతల కాలంలో కాటా గదికి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టినట్టుండే జంట బన్నులు వేడివేడిగా గుడ్డలో చుట్టి తెచ్చేది, వెన్న కూడా తెచ్చేది, "నువ్వు తినవు, లెక్కలే తింటావు" అని నా బుగ్గ గిల్లేది. సుడిగాలి వస్తే దిగి దాక్కునే నేలగది ఉంది వాళ్ళింట్లో. వంటింటి గుమ్మం నుంచి పదిహేను అడుగులు. పదకొండు నిమిషాల్లో పదిహేను అడుగులు. వెల్డా మోకాళ్ళ నొప్పులతో కూడా, వంటింట్లో పొయ్యి ఆర్పి, కిటికీ మూసి, కుక్కని పిలిచి, తాపీగా దిగగలిగేది. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. కాటా దగ్గర లారీ ఎక్కగానే అంకె వెలుగుతుంది కదా, ఆ ఎర్ర అంకెలో కూడా పదకొండే కనబడేది నాకు ఆ వేసవంతా.

పెద్ద కుదుపు. కూడలిలో ఆగమని ఉన్న బోర్డు దగ్గర ఆగకుండా దూకించేశాడు బండిని. "బోర్డుంది నాన్నా." "ఎవరొస్తారే ఈ మట్టిరోడ్డు మీద, ఇవాళ?" పొగరు. నలభై ఏళ్ళ పొగరు. బోర్డులు మామూలు మనుషులకి. పోయినేడు వెల్డా పోయిన రెండు వారాలకి ఫైర్‌స్టేషన్‌లో మీటింగు పెట్టారు, వెల్డా ఎలా పోయింది, సైరన్ ఎందుకు ఆలస్యమైంది అని. ఇనుప కుర్చీల్లో డెబ్బై మంది. నేను వెనక కాఫీ కూజా పట్టుకుని నిలబడ్డాను, అందరికీ పోయడానికి. వెల్డా మొగుడు ఓర్విల్ ముందు వరసలో, కొత్త చొక్కా, ఎవరో ఇచ్చిన చొక్కా, ఇంట్లో బట్టలు మిగల్లేదు కాబట్టి. మా నాన్న టోపీ తీసి గుండెకి ఆనించుకుని లేచాడు. "నేను చూసింది చూసినట్టు చెప్పాను. వాన అడ్డమొచ్చింది. ఇక రాడార్ అంటారా, అది మా అమ్మాయి చూస్తుంది. అందులో కూడా ఏమీ లేదనే చెప్పింది. పిల్లని తప్పు పట్టకండి, ఎవరికైనా పొరపాటవుతుంది." పిల్లని తప్పు పట్టకండట. ఎంత మంచి తండ్రో చూడండి. డెబ్బై తలలు నా వైపు తిరిగాయి, ఓర్విల్ తల కూడా. నేను నోరు తెరవలేదు. నోరు తెరిస్తే కూజా విసిరేదాన్ని. ఆరూ పన్నెండు బొమ్మ నా ల్యాప్‌టాప్‌లో దాచి ఉంది, తేదీతో, గంటతో, నిమిషంతో. ఇవాళ్టికీ ఉంది. ఆ రోజు తెచ్చి వాళ్ళ ముందు పెట్టి ఉంటే అయిపోయేది. పెట్టలేదు. అమ్మ పోయి అప్పటికి ఆర్నెల్లు, ఆ మనిషికి నేను తప్ప ఎవరూ లేరు, ఊరు ఆయన మొహాన ఉమ్మేస్తే ఎక్కడికి పోతాడు అని నేను, నేనే, ఆ ఉమ్మంతా తుడుచుకున్నాను. ఒక్కసారి కూడా, వంటింట్లో ఇద్దరమే ఉన్నప్పుడు కూడా, ఒక్క ముక్క అనలేదు ఆయన. బంగాళదుంపలు అందుకో అన్నాడు.

ఆగస్టులో కిరాణా కొట్లో డబ్బాల వరస మధ్య ఓర్విల్ ఎదురయ్యాడు. తోపుడుబండిలో ఒకటే రొట్టె, ఒకటే సూపు డబ్బా. పక్కకి తప్పుకుందామనుకున్నాను. ఆయనే ఆగి, కోపంగా కూడా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "ఆ రోజు నువ్వు తెర చూస్తున్నావా అమ్మా, ఇంకేమైనా చూస్తున్నావా?" చూస్తున్నానండీ అన్నాను. "మరి?" అన్నాడు. మరి. ఆ ఒక్క మాటకి జవాబు నా నాలిక మీదే ఉంది, చేదుగా, మింగేశాను. ఆయన తల ఊపి బండి తోసుకుంటూ పోయాడు. దాని ఒక చక్రం కీచుకీచుమని అరుస్తూ పోయింది.

తెర మారింది. అయిదూ ముప్ఫై ఆరు. మైలున్నర ఖాళీ అరమైలైంది. ఎరుపు కిందికి దిగింది, ఆకుపచ్చ పైకి ఎగబాకింది. "బిగుసుకుంటోంది నాన్నా. కింద ఏమైనా వేలాడుతోందా చూడు." ఆయన మెడ ముందుకి చాచి నేరుగా పడమరకి చూశాడు. "చదునుగా ఉంది. ఏమీ లేదు." నేను తలెత్తాను. పడమర కాదు, వాయవ్యం. అక్కడ మేఘం అడుగున ఇంకో మేఘం, ఎవరో కోసి కిందికి దించినట్టు నల్లగా, ఊరంత వెడల్పున, మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. దాన్ని చూడకపోవడం కుదరదు. పసిపిల్లవాడు కూడా వేలెత్తి చూపిస్తాడు. ఆయన ఇంకా పడమరకే చూస్తున్నాడు, నిబ్బరంగా, గింజ నములుతూ. "ఎదురుగా నిలబడ్డది నోలన్ బండేనా?" అన్నాడు. ఎదురుగా ఉన్నది పొలంగట్టున తెల్లటి గ్యాస్ ట్యాంకు. "నోలన్ కాదు" అన్నాను, అంతే. కూడలి బోర్డు. నిప్పులా మెరుస్తున్న ఎర్ర బోర్డు. నెల కిందట నా పుట్టినరోజు కార్డు నాకే ఇచ్చి చదివి వినిపించమన్నాడు, కళ్ళజోడు మర్చిపోయానని. అమ్మ పోయాక ఇంట్లో దీపాలన్నీ ఎక్కువ కాంతివి మార్పించాడు. నేను అడగడానికి ముందే నా నోరు అడిగేసింది, మామూలు గొంతుతో.

"నాన్నా, ఆ కొట్టం పక్కన గాలిమర ఏ దిక్కుకి తిరిగుంది?"

"ఆగ్నేయానికి" అన్నాడు, ఠక్కున.

కొట్టం లేదు. గాలిమర లేదు. ముళ్ళతీగ కంచె, రెండు ఆవులు, అంతే. గాలి ఎటునుంచి వస్తోందో చెంపకి తెలుస్తుంది కదా, తెలివైనవాడు, గాలిని బట్టి లేని గాలిమరని తిప్పేశాడు. బండి ఆపు అన్నాను. ఏమైందే అన్నాడు. అక్కడ గాలిమర లేదు అన్నాను. చక్రాల కింద గులకరాళ్ళ చప్పుడు కాసేపు. దవడ ఆగిపోయింది. "బండి ఆపు నాన్నా." ఆపాడు.

"ఎప్పటినుంచి?"

"రెండేళ్ళు దాటింది." రోడ్డు వైపే మొహం. "మరీ అంతేం కాదే. మధ్యలో మచ్చలా ఉంటుంది. అంచుల్లో బాగానే కనబడుతుంది. రోడ్డు కనబడుతుంది."

"వెల్డా ఇల్లు కనబడిందా?"

స్టీరింగు మీద బొటనవేలితో రుద్దుతున్నాడు, మరకేదో ఉన్నట్టు. ఏడాదిగా నేను ఒక మొండివాడి మీద కోపం పెట్టుకున్నాను. చూసి కూడా ఒప్పుకోని మొండివాడు, రాడార్‌ని నమ్మని పాతకాలపు మనిషి, పొరబడ్డ మనిషి. పొరబడ్డవాడి మీద కోపం ఎప్పటికైనా చల్లారుతుంది, నేను దానికి సిద్ధపడుతున్నాను కూడా, లోలోపల, నాకు తెలియకుండానే. కానీ ఈయన పొరబడలేదు. ఈయనకి తెలుసు. ఏమీ కనబడటం లేదని తెలిసి, ఏమీ లేదని చెప్పాడు. ఆ రెండు మాటలకీ మధ్య ఒక మనిషి ప్రాణం ఉంది. డ్రైవింగు లైసెన్సు పోతుందని, గోడ మీద పలక పోతుందని, రేడియోలో నోలన్ పెద్దాయనా అని పిలవడం మానేస్తాడని. అందుకని వెల్డా. అందుకని నేను. కొట్టాలనిపించింది. నిజంగా, చెయ్యి పైకి లేచింది, లేచిన చేత్తో ఆయన తలుపు వైపు చూపించి దిగు అన్నాను. ఎవరో పరాయివాడికి చెప్పినట్టు. దిగాడు. బండి చుట్టూ ముందునుంచి నడిచి వచ్చాడు, ఇంజను మూత మీద చెయ్యి ఆనించుకుంటూ, ఎప్పుడూ అలాగే నడుస్తాడు, బండిని ముద్దుగా నిమురుతున్నాడనుకునేదాన్ని. తడుముకుంటున్నాడు. ఇన్నాళ్ళూ తడుముకుంటున్నాడు, నేను చూశాను, నేనూ చూడలేదు. ఆ ఆలోచన రాగానే ఇంకా ఒళ్ళు మండింది, ఇందులో నాకూ వాటా పెడుతున్నాడు అని.

ల్యాప్‌టాప్‌ని ముందు స్టాండులో బిగించి నేను స్టీరింగు పట్టుకున్నాను. అయిదూ నలభై రెండు. ఉత్తరానికి తిప్పి, రెండు మైళ్ళు తొక్కి, నీళ్ళ ట్యాంకు ఉన్న మిట్ట మీదికి. తూర్పున అయిదు మైళ్ళలో హెస్లర్, మా ఊరు, తొమ్మిది వందల మంది, ధాన్యం గోదాము తెల్లగా నిలబడి ఉంది, దాని పక్కన వృద్ధాశ్రమం. ముప్ఫై ఒక్క మంది, సగం మంది మంచాల మీద. అందరినీ నడవాలోకి తోయడానికి పన్నెండు నిమిషాలు పడుతుందని నోలన్ లెక్క కట్టి పెట్టుకున్నాడు. బండి ఆపి తెర చూశాను. మారింది. ఖాళీ లేదు. ఎరుపూ ఆకుపచ్చా అంటుకున్నాయి, రెండూ కాలిపోతున్నంత చిక్కగా, రోడ్లని చూపే రెండు గీతల మధ్య గోరంత చోటులో. తెర వదిలేసి బయట చూశాను. గరాటు లేదు. అందరూ గరాటు కోసం చూస్తారు, బొమ్మల పుస్తకంలో ఉండే ఏనుగు తొండం కోసం. ఇక్కడ మేఘం పైనే ఉంది, కింద ఏమీ వేలాడటం లేదు, కానీ దాని కింద దున్నిన చేనులో ఎర్రమట్టి లేచింది. లేచి, పక్కకి పోకుండా, ఒక్క చోటే గిరగిరా తిరుగుతోంది, వెడల్పుగా, నేల ఉడుకుతున్నట్టు. టోర్నడో నేల మీదే ఉంది, రంగు వేసుకోలేదు, అంతే.

"పెద్దాయనా" అంది రేడియో, నోలన్ గొంతు, వెనక ఇంకెవరివో అరుపులు. "తిరుగుతోందని తెర మీద చూస్తున్నాం. నేల మీద ఉందా? మీకు కనబడుతోందా లేదా చెప్పండి." మైకు నాన్న చేతిలో ఉంది. అలవాటుగా ఎప్పుడో తీసుకున్నాడు. నేను చెయ్యి చాచేలోపల మీట నొక్కాడు. నొక్కి, ఏమీ అనలేదు, ఆయన ఊపిరి మాత్రం కౌంటీ అంతా వినబడుతోంది. తర్వాత అన్నాడు. "నాకు కనబడటం లేదు నోలన్. నా కళ్ళు పోయాయి. పోయినేడు కూడా కనబడలేదు. మా మర్లా చెప్పింది, తెర మీద ఉందని రెండుసార్లు చెప్పింది. నేనే..."

"ఏంటీ? ఏం మాట్లాడుతున్నారు? లైను ఖాళీ చెయ్యండి పెద్దాయనా! ఉందా, లేదా?"

లాక్కున్నాను. ఆయన వేళ్ళ మధ్య నుంచి, గోళ్ళు గీసుకునేలా లాక్కున్నాను. "మర్లాని. ఉంది. నేల మీదే ఉంది. గరాటు లేదు, మట్టి తిరుగుతోంది. హెస్లర్‌కి పడమర అయిదు మైళ్ళు, ఊరి మీదికే. నా కళ్ళతో చూస్తున్నాను. సైరన్ వెయ్యి నోలన్, ముందు ముసలివాళ్ళని కదిలించు." ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో ఈసారి కాస్త జాగ్రత్తగా అన్న మాట మళ్ళీ వినబడింది, నమ్మడేమో, కాటా గది మర్లాని ఎవరు నమ్ముతారు అనుకున్నాను. "సరే" అన్నాడు. గాలి మీద, తెగుతూ, అతుక్కుంటూ, ఊళ్ళోంచి సైరన్ కూత మా మిట్ట దాకా వచ్చింది. అయిదూ నలభై ఎనిమిది. నాన్న ఖాళీ చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. ఏడాది ఆగి, ఏడాది పాటు ఆగి, ఇప్పుడా దొరికింది ఈయనకి చెప్పడానికి? ముప్ఫై ఒక్క మంచాలు కదలాల్సిన నిమిషంలో, లైనుకి అడ్డం పడి, తన బరువు దింపుకున్నాడు. అది కూడా తన కోసమే. నిజం చెప్పడం కూడా తన కోసమే.

తర్వాత అది మా ఉత్తరాన దాటింది. దాటుతుండగా రంగు వేసుకుంది, ముందు ఎర్రగా, తర్వాత బూడిదగా, లావుగా. చప్పుడు వంతెన మీద ఆగకుండా పోతున్న గూడ్సు బండిది. తెర అడుగున ఉండే మూడో బొమ్మలో నీలం చుక్క ఒకటి పుట్టింది, అంటే గాలిలో ఎగురుతున్నది వాన కాదని, చెక్కలూ రేకులూ అని. ఆ చుక్క ఎవరి ఇల్లో అనుకుంటూ చూస్తున్నాను. గోదాము రెండు గుమ్ములు కాగితం పొట్లాల్లా నలిగి పడ్డాయి, వాటి కిందే నా కాటా గది, అవి నిలబడ్డ చోట ఇప్పుడు అటు పక్క ఆకాశం కనబడుతోంది. "ఏమైందే? ఎటు పోయింది?" అన్నాడు నాన్న. నేను నోలన్‌కి చెప్పాను, ఆయనకి చెప్పలేదు.

ఆరూ పాతికకి నోలన్ మళ్ళీ వచ్చాడు రేడియోలో. గొంతు బొంగురుపోయింది. "ఎవరూ పోలేదు. వృద్ధాశ్రమం పడమటి కప్పు మొత్తం లేచిపోయింది. ఆఖరి మంచం నడవాలోకి తోసిన రెండు నిమిషాలకి. ఒక ముసలావిడకి చెయ్యి విరిగింది, అంతే. మంచి పని చేశారు పెద్దాయనా." పెద్దాయనా. నేను నవ్వాను. ఒక రకమైన నవ్వు, దగ్గులా వచ్చింది. కోపంలో ఇంత సుఖం ఉంటుందని తెలియదు, ముప్ఫై ఒక్క మంది బతికారు, అయినా ఆ ఒక్క మాటకి నా పళ్ళు పటపటమన్నాయి. ఊరి వైపు పోవాలి, చేతనైన సాయం చెయ్యాలి, రేకులు ఎత్తాలి. బండి తిప్పాను. వాన వెలిసిన రోడ్డు మీద ఎర్ర బురద, పడమటి నుంచి ఏటవాలు వెలుగు, తడిసిన గోధుమ వాసన.

"చెప్పాను కదే" అన్నాడు. "రేడియోలో చెప్పేశాను. అందరూ విన్నారు."

"ఎవరూ వినలేదు నాన్నా. లైను ఖాళీ చెయ్యమన్నాడు."

"విన్నవాళ్ళు విన్నారు."

"వినాల్సినవాడికి రేడియో లేదు."

నేను ఊరి వైపు పోలేదు. నాకు ముందు తెలియదు తిప్పుతానని, స్టీరింగు తిరిగాక తెలిసింది. దక్షిణానికి మూడు మైళ్ళు, పత్తి మిల్లు దాటి. ఓర్విల్ పొలం ఇవాళ దెబ్బ తగలకుండా మిగిలింది. ఇల్లున్న చోట సిమెంటు పలక మాత్రం ఉంది, చుట్టూ గడ్డి కోసి శుభ్రంగా ఉంచుతాడు, దాని పక్కన చక్రాల ఇల్లు ఒకటి తెచ్చి పెట్టుకున్నాడు. నేలగది తలుపు తెరిచే ఉంది, సైరన్ విని దిగి ఇప్పుడే పైకొచ్చి ఉంటాడు. గేటు ముందు బండి ఆపాను.

"ఎక్కడున్నామే?" అన్నాడు. వాసన పట్టేశాడు అప్పటికే, గొంతులో తెలుస్తోంది.

"దిగు."

"ఇప్పుడా? ఊళ్ళో అంత జరిగితే ఇప్పుడా?"

"ఇప్పుడే. అక్కడ చెప్పింది ఇక్కడ చెప్పు. మొదట్నుంచి."

"నువ్వు కూడా రావే."

రాను అన్నాను. చెప్పాల్సింది నేను కాదు. ఆయన టోపీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు, సీటు మీద వదిలేశాడు. దిగాడు. బురదలో జారి నిలదొక్కుకున్నాడు. గేటు దాకా వెళ్ళి రెండు చేతులతో కమ్మీలు తడుముతున్నాడు, గొళ్ళెం కోసం. ఎడమవైపు ఉంది గొళ్ళెం. ఆయన కుడివైపు వెతుకుతున్నాడు, పైకీ కిందికీ, ముసలి చేతులు, తడి ఇనుము మీద. నా గొంతు దాకా వచ్చింది, ఎడమవైపు నాన్నా అని. చెప్పలేదు. కుక్క మొరిగింది. చక్రాల ఇంటి తలుపు తెరుచుకుని ఓర్విల్ మెట్టు మీదికొచ్చాడు, చేతిలో తువ్వాలు, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఎవరది?"

"ఎల్డన్ని" అన్నాడు నాన్న, గేటుకి అవతల ఎక్కడో చూస్తూ.

ఓర్విల్ ఆయన్ని చూడలేదు. ఆయన మీదుగా బండి వైపు, అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను తల దించలేదు. గొళ్ళెం టక్కుమంది. నేను ఇంజను ఆపేశాను. ప్రతి మాటా నాకు వినబడాలి.